టెక్సాస్ లో ఒక రూలు, జెర్సీలో ఒక రూలా? స్టేట్ కి ఎంత పవరుంది, ఫెడరల్ కి ఎంత, మధ్యలో మన టికెట్ సంగతేంటి

నువ్వు రాసింది మూడు ముక్కల్లో చెప్తా, చదివేవాళ్ళకి అర్థమవ్వాలి కదా. టెక్సాస్ లోని డెంటన్ లో ఉంటున్నావ్, ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే కొన్నాళ్ళు పనిచేసే పర్మిషన్) మీద జాబ్. ఎస్‌బీ4 అని టెక్సాస్ వాళ్ళు చట్టం చేశారు, ఇక లోకల్ పోలీసే పట్టుకుని పంపించేస్తాడా అని భయం. జెర్సీ సిటీలో ఫ్రెండు "ఇది శాంక్చువరీ స్టేట్ రా, వచ్చెయ్" అంటున్నాడు. ఇక చివర్లో తోకలాగా ఒక లైను పెట్టావ్, పోయిన నెల స్టోర్ లో సెల్ఫ్ చెక్అవుట్ దగ్గర 40 డాలర్ల ఐటం స్కాన్ అవ్వలేదని క్లాస్ సీ (టెక్సాస్ లో అన్నిటికన్నా చిన్న తరగతి నేరం) టికెట్ రాశారు, ఆన్‌లైన్ లో ఫైన్ కట్టేస్తే అయిపోతుందా అని.

తమ్ముడూ, ఆ తోకే అసలు ప్రశ్న. మిగతా రెండూ దాని ముందు చిన్నవి. కానీ ఎందుకో తెలియాలంటే స్టేట్ ఎక్కడిదాకా, ఫెడరల్ ఎక్కడ్నించి అన్నది తెలియాలి కాబట్టి కొంచెం ఓపిగ్గా చదువు. నేను లాయర్ని కాదు, డాలస్ సైడ్ ఇమ్మిగ్రేషన్ లాయర్ ఆఫీసులో 14 ఏళ్ళుగా ఫైళ్ళు తయారుచేసేవాణ్ణి, అంతే.

మన ఊళ్ళో పాస్‌పోర్ట్ గుర్తుతెచ్చుకో. ఇచ్చేది కేంద్రం. వెరిఫికేషన్ కి ఇంటికొచ్చి పక్కింటాయన సంతకం అడిగేది మాత్రం మన పోలీస్ స్టేషన్ కానిస్టేబులు, అంటే రాష్ట్రం మనిషి. మన రాజ్యాంగంలో పౌరసత్వం, విదేశీయులు, వీసాలు ఇవన్నీ యూనియన్ లిస్టులో 17, 19 నంబర్లలో రాసిపెట్టారు, పోలీసులేమో స్టేట్ లిస్టులో. అయినా కేంద్రం పని స్టేట్ పోలీసులు చేసిపెడతారు, జిల్లాల్లో ఎస్పీనే ఫారినర్స్ రిజిస్ట్రేషన్ చూస్తాడు, దీనికి పెద్ద గొడవేం ఉండదు. అమెరికాలో తేడా ఎక్కడొచ్చిందంటే, ఇక్కడి కానిస్టేబులు "నేను రాను, మీ పని మీరే చేసుకోండి" అని వాషింగ్టన్ మొహం మీదే చెప్పొచ్చు. ఆ మాట చెప్పే హక్కుని సుప్రీంకోర్టే ఇచ్చింది, దానికి తర్వాత వస్తా.

ఇంకో విచిత్రం. అమెరికా రాజ్యాంగంలో "ఇమ్మిగ్రేషన్" అనే మాటే లేదు. నాచురలైజేషన్ కి దేశమంతా ఒకటే రూలు పెట్టే అధికారం కాంగ్రెస్ కి ఉంది అని మాత్రం ఉంది, అంటే పౌరసత్వం ఇవ్వడం గురించి, రావడం పోవడం గురించి కాదు. అందుకే మొదటి వందేళ్ళు ఈ వ్యవహారం చాలావరకు స్టేట్లే నడిపాయి. ఎల్లిస్ ఐలాండ్ అని అందరూ ఫొటోలు దిగే చోటు 1892 లో ఫెడరల్ వాళ్ళు తెరిచింది, దానికి ముందు 1855 నుంచి న్యూయార్క్ స్టేట్ వాళ్ళే కాసిల్ గార్డెన్ అనే చోట ఓడల్లో వచ్చినవాళ్ళని దింపుకునేవాళ్ళు. ఓడ కెప్టెన్ల దగ్గర తలకింత అని స్టేట్లు వసూలు కూడా చేసేవి.

ఇది తెగింది 1876 లో. ఆ కేసు నాకు భలే ఇష్టం. జపాన్ అనే పేరున్న ఓడ శాన్‌ఫ్రాన్సిస్కోకి వచ్చింది, అందులో చైనా నుంచి వచ్చిన ఆడవాళ్ళు 22 మందిని కాలిఫోర్నియా స్టేట్ కమిషనర్ ఆపేశాడు, వీళ్ళ నడవడిక మంచిది కాదు, మనిషికి 500 డాలర్లు బంగారంలో బాండ్ కడితేనే దిగనిస్తా అన్నాడు. ఎలా తేల్చాడయ్యా అంటే చూసి, అంతే. చై లంగ్ అనే ఆవిడ పేరుమీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, కోర్టు స్టేట్ చట్టాన్ని కొట్టేసింది. జడ్జి మిల్లర్ గారి లాజిక్ సింపుల్, ఒక స్టేట్ చేసిన పిచ్చిపనికి వేరే దేశంతో తగాదా వస్తే అది ఆ ఒక్క స్టేట్ కి కాదు దేశం మొత్తానికి వస్తుంది, కాబట్టి ఈ తలుపు దగ్గర కూర్చోవాల్సింది దేశమే. అలాగని ఫెడరల్ వాళ్ళేం దేవుళ్ళు కాదు, ఆరేళ్ళకే 1882 లో చైనా కూలీలు రావడానికి వీల్లేదని కాంగ్రెస్సే చట్టం చేసింది. పవర్ చేయి మారింది, బుద్ధి మారలేదు.

తర్వాత 1939 లో పెన్సిల్వేనియా వాళ్ళు విదేశీయులంతా స్టేట్ దగ్గర రిజిస్టర్ చేసుకుని కార్డు పట్టుకు తిరగాలన్నారు, 1940 లో ఫెడరల్ రిజిస్ట్రేషన్ చట్టం వచ్చేసింది కాబట్టి మీది చెల్లదు అని 1941 లో సుప్రీంకోర్టు అంది. ఆ ఫెడరల్ రూలు ఈరోజుకీ ఉంది, 18 దాటిన ప్రతి నాన్-సిటిజన్ రిజిస్ట్రేషన్ కాగితం దగ్గర పెట్టుకోవాలి. 2025 నుంచి దాన్ని గట్టిగా పట్టుకుంటున్నారు. మనకి ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి ఎంట్రీ రికార్డు) ఆ కాగితమే, ఈఏడీ కార్డు (పని పర్మిట్) ఉన్నా సరిపోతుంది. ఫోన్లో ఫొటో ఉందిలే అనుకోకు, ఐ-94 ప్రింట్ ఒకటి పర్సులో మడిచి పెట్టుకో.

ఇప్పుడు నీ ఎస్‌బీ4. దీనికి అన్నలాంటిది 2010 ఆరిజోనా ఎస్‌బీ1070. ఫెడరల్ వాళ్ళు పట్టించుకోవట్లేదు కాబట్టి మేమే చూసుకుంటాం అని స్టేట్ సొంతంగా నేరాలు సృష్టించుకుంది, కాగితం లేకపోతే స్టేట్ నేరం, పర్మిట్ లేకుండా పని వెతుక్కుంటే స్టేట్ నేరం, వారెంట్ లేకుండా అరెస్ట్ చేసే పవర్. 2012 జూన్ లో సుప్రీంకోర్టు 5-3 తో ఈ మూడూ కొట్టేసింది. పర్మిట్ లేకుండా పనిచేసినవాణ్ణి కాంగ్రెస్సే క్రిమినల్ అనలేదు, కంపెనీని శిక్షించమంది గానీ మనిషిని జైల్లో వెయ్యమనలేదు. మధ్యలో ఆరిజోనా వచ్చి జైలంటే ఎలా, కందకి లేని దురద కత్తిపీటకెందుకు అన్నట్టు. ఒక్కటి మాత్రం ఉంచారు, వేరే కారణంతో ఆపినవాడి మీద అనుమానం ఉంటే స్టేటస్ ఏంటని ఫెడరల్ వాళ్ళని అడిగి కనుక్కోవచ్చు అని. "పేపర్లు చూపించు" అని మనవాళ్ళు భయపడే రూలు అదే.

అలాగని స్టేట్ కి అసలేం లేదనుకోకు. అదే ఆరిజోనా దానికి ముందు, అక్రమంగా జనాన్ని పెట్టుకుంటే కంపెనీ లైసెన్స్ పీకేస్తాం, ఈ-వెరిఫై (పనిచేసే అర్హత ఉందో లేదో చూసే ఫెడరల్ సిస్టమ్) వాడి తీరాలి అని చేసిన చట్టాన్ని 2011 లో సుప్రీంకోర్టు ఓకే చేసింది. ఎందుకంటే లైసెన్స్ అనేది స్టేట్ సొమ్ము. టెక్సాస్ లోనే 1975 లో కాగితాలు లేని పిల్లలకి స్కూల్ డబ్బులు ఇవ్వం అన్నారు, టైలర్ అనే ఊళ్ళో పిల్లాడికి ఏడాదికి 1000 డాలర్లు అడిగారు, 1982 లో 5-4 తో అది పోయింది. స్టేట్ ఏ చేత్తో ముట్టుకుందన్నదే చూస్తారు, సొంత లైసెన్సా, సొంత స్కూలా, లేక ఎవరు ఉండాలి ఎవరు పోవాలి అన్నదా.

టెక్సాస్ లో ఎస్‌బీ4 లు రెండున్నాయి, వాట్సాప్ లో జనం రెండూ కలిపేస్తున్నారు. 2017 ది ఒకటి, కౌంటీ జైళ్ళు ఐస్ (ఫెడరల్ ఇమ్మిగ్రేషన్ పోలీసులు) వాళ్ళ డిటైనర్ ని, అంటే ఈ మనిషిని మాకోసం ఆపి ఉంచండి అనే కాగితాన్ని, కచ్చితంగా పాటించాలి అంటుంది, ఇది చాలావరకు కోర్టుల్లో నిలబడింది, నడుస్తోంది. 2023 డిసెంబర్ లో గవర్నర్ అబ్బట్ సంతకం పెట్టింది రెండోది, వేరే దేశం నుంచి పోర్ట్ ఆఫ్ ఎంట్రీ కాకుండా దొడ్డిదారిన దాటితే స్టేట్ నేరం, స్టేట్ జడ్జే తిరిగి వెళ్ళిపొమ్మని ఆర్డర్ ఇవ్వచ్చు అంటుంది. ఈ రెండోదాని కథ చూడు, 2024 మార్చి 19 మధ్యాహ్నం సుప్రీంకోర్టు సరే అమలు చేసుకోండి అంది, అదే రాత్రి అప్పీల్స్ కోర్టు మళ్ళీ ఆపేసింది, కొన్ని గంటలు మాత్రం బతికింది. 2025 జులైలో ముగ్గురు జడ్జీల బెంచ్ 2-1 తో చెల్లదనే అంది, ఆగస్టులో ఫుల్ బెంచ్ మళ్ళీ వింటామంది. ఈరోజు ఏ ఆర్డర్ నడుస్తుందో వాట్సాప్ లో కాదు, కోర్టు ఆర్డర్ లో చూడు. కానీ అది నడిచినా ఆగినా నీకేంటి? నువ్వు డాలస్ ఎయిర్‌పోర్ట్ డీఎఫ్‌డబ్ల్యూలో దిగి స్టాంప్ కొట్టించుకుని వచ్చావ్. ఆ చట్టం నది దాటినవాళ్ళ కోసం రాసింది, నీ జోలికి రాదు. భయపడాల్సింది దానికి కాదు.

జెర్సీ ఫ్రెండు మాటకొస్తా. శాంక్చువరీ అంటే గుళ్ళోకి పరిగెత్తితే పోలీసు చెయ్యి వెయ్యడు అన్నట్టు ఊహించుకుంటారు మనవాళ్ళు. అలాంటిదేం లేదు. ఐస్ వాళ్ళు జెర్సీలో కూడా అరెస్ట్ చెయ్యచ్చు, చేస్తున్నారు, ఆపే పవర్ స్టేట్ కి లేదు. స్టేట్ చెయ్యగలిగేది ఒక్కటే, చెయ్యి కలపకపోవడం. ఇందాక కానిస్టేబులు రానంటాడు అన్నాను కదా అదే ఇది. దీనికి మూలం ఇమ్మిగ్రేషన్ కేసు కూడా కాదు, తుపాకుల కేసు. గన్ కొనేవాళ్ళ బ్యాక్‌గ్రౌండ్ లోకల్ షెరిఫ్ లే చెక్ చెయ్యాలని ఫెడరల్ చట్టం పెడితే, మా మనుషులకి మీరు పని చెప్పడమేంటి అని షెరిఫ్ లు కోర్టుకెళ్ళి 1997 లో గెలిచారు, ప్రింట్జ్ కేసు. తుపాకులు కావాలన్నవాళ్ళు గెలిచిన ఆ కేసునే ఇప్పుడు కాలిఫోర్నియా, జెర్సీ వాడుకుంటున్నాయి. 2017 లో కాలిఫోర్నియా ఎస్‌బీ54 అని మా పోలీసులు ఐస్ కి సాయం చెయ్యరు అని చట్టం చేస్తే ఫెడరల్ వాళ్ళు కేసేసి ఓడిపోయారు, 2020 లో సుప్రీంకోర్టు వినడానికే ఒప్పుకోలేదు.

ప్రాక్టికల్ గా తేడా ఎక్కడ తెలుస్తుందంటే జైల్లో. ఎవడైనా ఏదో కేసులో అరెస్ట్ అయ్యాడనుకో, వేలిముద్రలు తీస్తారు. ఆ ముద్రలు ఎఫ్‌బీఐకి పోతాయి, అక్కడ్నించి హోంలాండ్ వాళ్ళకి ఆటోమేటిక్ గా పోతాయి, టెక్సాస్ లో ప్లానో అయినా జెర్సీలో ఎడిసన్ అయినా ఇది ఒకటే, శాంక్చువరీ ఇక్కడ పనిచెయ్యదు. అప్పుడు ఐస్ వాళ్ళు ఈ మనిషిని ఇంకో 48 గంటలు ఉంచండి మేమొచ్చి తీసుకెళ్తాం అని డిటైనర్ పంపుతారు. ఫెడరల్ లెక్కలో అది రిక్వెస్ట్, ఆర్డర్ కాదు. టెక్సాస్ లో మాత్రం స్టేట్ చట్టమే పాటించి తీరాలంటుంది కాబట్టి ఉంచుతారు, జెర్సీలో 2018 నుంచి ఉన్న రూలు ప్రకారం పెద్ద నేరాలు లేకపోతే మామూలుగా వదిలేస్తారు. ఫ్రెండు చెప్పిన "సేఫ్" మొత్తం ఆ 48 గంటలే. దానికోసం జాబ్, అపార్ట్‌మెంట్ లీజ్ వదిలేసి పోతానంటే నీ ఇష్టం, నేనైతే పోను.

సరే, ఇప్పుడు టికెట్.

స్టేట్ నీకు స్టేటస్ ఇవ్వలేదు, తీసెయ్యలేదు. కానీ స్టేట్ కోర్టు ఒక కాగితం తయారుచేస్తుంది, ఫెడరల్ వాడు ఆ కాగితం చూసి నిర్ణయం తీసుకుంటాడు. ఇద్దరూ ఒకే కాగితం చదువుతారు, కానీ వేరే వేరే లైన్లు.

2017 లో మా దగ్గరికొచ్చిన ఒకబ్బాయి సంగతి చెప్తా, కరీంనగర్ సైడు, హెచ్1బీ. సరిగ్గా నీలాంటిదే, 38 డాలర్ల సామాను. అయితే వాణ్ణి స్టోర్ నుంచి సిటీ జైలుకి తీసుకెళ్ళి ముద్రలు తీసి నాలుగు గంటల తర్వాత వదిలారు. టెక్సాస్ లో 100 డాలర్ల లోపు దొంగతనం క్లాస్ సీ, జైలుండదు, 500 దాకా ఫైను. కోర్టు కిటికీ దగ్గర క్లర్క్ "డిఫర్డ్ తీసుకో, 90 రోజులు ఏ గొడవా లేకపోతే డిస్మిస్ అవుతుంది" అంది. ట్రాఫిక్ టికెట్లు చూసే ఒక లాయర్ కూడా 150 తీసుకుని అదే చెప్పాడు, రికార్డు క్లీన్ అన్నాడు. వీడు సంతకం పెట్టి డబ్బు కట్టి వచ్చేశాడు. 90 రోజులకి డిస్మిస్డ్ అని కాగితం వచ్చింది. ఫ్రేమ్ కట్టించుకోవాలన్నంత సంతోషం.

ఆ కాగితం నేను చూశా. ఒక్క పేజీ. కింద చివర్లో పెద్దగా డిస్మిస్డ్ అని స్టాంప్. పైన మూడో లైన్లో చిన్న డబ్బాలు మూడు, గిల్టీ, నాట్ గిల్టీ, నో కాంటెస్ట్ (కేసుని ఎదిరించను అనడం). నో కాంటెస్ట్ మీద టిక్కు. పక్కనే కోర్టు ఖర్చులు ఇంత అని. టెక్సాస్ చదివేది కింద స్టాంపుని. ఫెడరల్ ఇమ్మిగ్రేషన్ చట్టం చదివేది మూడో లైన్ని. ఎందుకంటే ఇమ్మిగ్రేషన్ చట్టంలో "కన్విక్షన్" అంటే ఏంటో కాంగ్రెస్ 1996 లో సొంతంగా రాసుకుంది, నువ్వు గిల్టీ అనో నో కాంటెస్ట్ అనో ఒప్పుకుని, జడ్జి ఏదో ఒక శిక్ష వేస్తే, డబ్బు కట్టించినా సరే, అది కన్విక్షనే. తర్వాత స్టేట్ దాన్ని డిస్మిస్ చేసినా లెక్కలోకి రాదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది వాడి పని.

నిజం చెప్పాలంటే ఆ కన్విక్షన్ ఒక్కటైతే వాడు గట్టెక్కేవాడే. దొంగతనాన్ని నీతి తప్పిన నేరాల్లో వేస్తారు గానీ, జీవితంలో ఒక్కటే అయ్యుండి, ఆ నేరానికి గరిష్ట శిక్ష ఏడాది దాటకుండా, నీకు పడింది ఆర్నెల్లు దాటకుండా ఉంటే పెట్టీ అఫెన్స్ అని మినహాయింపుంది. వాణ్ణి ముంచింది వేరే. చెల్లెలి పెళ్ళికి మూడు వారాల లీవ్ పెట్టి వెళ్ళాడు, హైదరాబాద్ లో స్టాంపింగ్ (పాస్‌పోర్ట్ లో వీసా వేయించుకోవడం). డీఎస్-160 ఫారంలో ఎప్పుడైనా అరెస్ట్ గానీ కన్విక్ట్ గానీ అయ్యావా, క్షమాభిక్ష వచ్చినా సరే చెప్పు అని స్పష్టంగా అడుగుతుంది. డిస్మిస్ అయింది కదా అని "నో" కొట్టాడు. ముద్రలు ముందే సిస్టమ్ లో ఉన్నాయి. అబద్ధం చెప్పాడని వేరే సెక్షన్ వేశారు, అది జీవితకాలం బార్, అంటే నిషేధం, వెయివర్ (ప్రత్యేక మినహాయింపు) లేకుండా అడుగు పెట్టలేడు. 38 డాలర్లకి కాదు తమ్ముడూ, ఆ ఒక్క "నో" కి. వాడి కరోలా ఫ్రిస్కోలో అపార్ట్‌మెంట్ పార్కింగ్ లో దుమ్ము పట్టిపోయి, టోయింగ్ స్టిక్కర్ అంటించారని మేనేజర్ ఫోన్ చేస్తే నేనే వెళ్ళి అమ్మిపెట్టా.

ఆ ఏడాది అనే గీతతో స్టేట్లు ఆడే ఆట కూడా చూడు, స్టేట్ పవర్ అసలు ఇక్కడుంది. దేశంలోకి వచ్చిన ఐదేళ్ళలోపు ఇలాంటి నేరం చేసి, దానికి ఏడాది లేక అంతకన్నా ఎక్కువ శిక్ష పడే వీలుంటే డిపోర్ట్ చెయ్యొచ్చు అని ఫెడరల్ చట్టం. గమనించు, పడిన శిక్ష కాదు, పడే వీలున్న శిక్ష. చిన్న నేరాలకి చాలా స్టేట్లలో పై లిమిట్ సరిగ్గా 365 రోజులు. దాంతో కాలిఫోర్నియా 2015 నుంచి, న్యూయార్క్ 2019 లో, మా దగ్గర పై లిమిట్ 364 రోజులు అని మార్చేశాయి. ఒక్క రోజు. ఇమ్మిగ్రేషన్ అనే మాట ముట్టుకోకుండా, తమ సొంత శిక్షల పుస్తకంలో ఒక్క అంకె దిద్ది, ఎంతమందినో ఆ గీత ఇవతలికి లాగేశాయి. టెక్సాస్ క్లాస్ ఏ కేసులకి ఇప్పటికీ పూర్తి ఏడాదే. నీది క్లాస్ సీ కాబట్టి ఈ గీత నీకు తగలదు, కానీ 750 డాలర్లు దాటిన సామానైతే తగిలేది.

ఇంకోటి, 2025 స్ప్రింగ్ లో ఏమైందో మర్చిపోకు. స్టూడెంట్ల పేర్లు ఎఫ్‌బీఐ డేటాబేస్ తో కలిపి చూసి, పేరు తగిలిన వేలమంది సెవిస్ (స్టూడెంట్ స్టేటస్ ఉండే ప్రభుత్వ సిస్టమ్) రికార్డులు ఐస్ టెర్మినేట్ చేసింది, అందులో డిస్మిస్ అయిన కేసులవాళ్ళూ, ట్రాఫిక్ వ్యవహారాలవాళ్ళూ ఉన్నారు, మన పిల్లలు చాలామంది. కోర్టులు వరసగా స్టేలిస్తే ఏప్రిల్ చివర్లో మళ్ళీ పెట్టారు. శాంక్చువరీ స్టేట్లో ఉన్నోళ్ళకీ అదే జరిగింది.

కాబట్టి నువ్వు చెయ్యాల్సింది. ఆన్‌లైన్ లో ఫైన్ కట్టకు. కట్టడమంటేనే నో కాంటెస్ట్ అని ఒప్పుకున్నట్టు, ఆ వెబ్‌సైట్లో చిన్న అక్షరాల్లో అదే ఉంటుంది. క్లర్క్ డిఫర్డ్ అంటే వెంటనే తలూపకు. నాట్ గిల్టీ అని పెట్టి, క్రిమినల్ లాయర్ని మాట్లాడుకో, వాడితో ఇమ్మిగ్రేషన్ లాయర్ ఒకసారి ఫోన్లో మాట్లాడాలి, ఇద్దరికీ కలిపి 1500 అయినా పర్లేదు, ఈ దేశంలో నీ ఖర్చుల్లో ఇదే చవక. అడగాల్సింది ఒకటే, ప్లీ (గిల్టీ అనో నో కాంటెస్ట్ అనో కోర్టులో ఒప్పుకోవడం) లేకుండా డిస్మిస్ అవుతుందా అని. ప్రాసిక్యూటర్ ఒప్పుకుంటే ప్లీ తీసుకోకుండానే ఒక క్లాసో కమ్యూనిటీ సర్వీసో చేయించి కేసు తీసేస్తారు, అప్పుడు మూడో లైన్లో టిక్కు ఉండదు. సుప్రీంకోర్టు 2010 లో పడీలా కేసులో చెప్పింది, ప్లీ వల్ల డిపోర్టేషన్ ప్రమాదం ఉంటే క్లయింట్ కి ముందే చెప్పడం డిఫెన్స్ లాయర్ బాధ్యత అని. ఆ కేసు పేరు చెప్పి అడుగు, మొహం తెల్లగా పెట్టాడంటే వేరే లాయర్ని చూసుకో. అయిపోయాక సర్టిఫైడ్ డిస్పొజిషన్ (కేసు ఎలా ముగిసిందో కోర్టు ఇచ్చే కాగితం) రెండు కాపీలు తెచ్చుకుని కాలేజీ ఇచ్చిన ఐ-20 ల ఫోల్డర్లో పెట్టు. స్టాంపింగ్ కి వెళ్ళేముందు, ఒక్క టికెట్టే రాసి పంపించేశారా లేక అరెస్ట్ లెక్కలోకి వచ్చిందా అన్నది లాయర్తో తేల్చుకుని, అరెస్టే అయితే ఫారంలో "ఎస్" కొట్టి రెండు లైన్లు నిజం రాయి.

టికెట్ కింద అప్పియరెన్స్ డేట్ ఉంటుంది చూడు, పోయిన నెలది అంటున్నావ్ కాబట్టి దగ్గరికొచ్చేసి ఉంటుంది. అది దాటితే వారెంట్ పడుతుంది, అప్పుడు రోడ్డు మీద టెయిల్‌లైట్ కోసం ఆపినా జైలుకే, ముద్రలకే. డేట్ ఎంతో ముందు చూసి చెప్పు.